ముందు దిగేవాళ్లు, తర్వాత ఎక్కేవాళ్లు

టెక్సస్‌ ఫ్రీవేల గురించి మాట రాగానే అందరూ హ్యూస్టన్‌ కేటీ ఫ్రీవే వెడల్పు చెబుతారు. నాకు ముచ్చటేసేది మాత్రం పక్కనే సాగే ఫ్రంటేజ్‌ రోడ్డు, దాని మీద ర్యాంపులు పేర్చిన వరస. ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్లు సర్వీస్‌ రోడ్డంటూ రోజూ తిరిగే దారే అది.

మామూలు పద్ధతిలో క్రాస్‌రోడ్డు దాటగానే ఫ్రీవే ఎక్కే ర్యాంపు, తర్వాతి క్రాస్‌రోడ్డుకు ముందు దిగే ర్యాంపు ఉంటాయి. ఎక్కినవాడు ఎడమకు జరగాలి, దిగేవాడు కుడికి రావాలి. గంటకు 60, 70 మైళ్ల వేగంలో ఒకరి దారికి ఒకరు అడ్డం పడతారు. అందుకే టెక్సస్‌ రవాణా శాఖ డిజైన్‌ మాన్యువల్‌ ఆ రెంటి మధ్య కనీసం 2000 అడుగులు, అదనపు లేన్‌ వేస్తే 1500 అడుగులు ఉండాలంటుంది. ఊరి నడుమ అంత జాగా దొరకడం కష్టం.

ఎక్స్‌ ర్యాంపులో ఆ వరసను తిరగేశారు. క్రాస్‌రోడ్డు దాటగానే దిగే ర్యాంపు, తర్వాతి క్రాస్‌రోడ్డు దగ్గరపడ్డాక ఎక్కే ర్యాంపు. ఆ మధ్య ముక్కలో ఫ్రీవే మీద దిగాల్సినవాడు దిగిపోయాడు, ఎక్కాల్సినవాడు ఇంకా రాలేదు. లేన్లు మారే గొడవంతా వేగం తక్కువుండే ఫ్రంటేజ్‌ రోడ్డుకు చేరింది. సిగ్నల్‌ దగ్గర బండ్లు బారులు తీరినా ఆ తోక ఫ్రీవే దాకా పాకడం అరుదు. ఎంత చక్కటి ఆలోచన!

పనితనం అసలు తేలేది ర్యాంపు వచ్చి ఫ్రంటేజ్‌ రోడ్డును తాకే చోట. దిగే బండికి ఫ్రంటేజ్‌ రోడ్డు మీది బండి దారివ్వాలని రాష్ట్ర చట్టం. ర్యాంపు మీద ఒక్క బండి ఆగితే వెనకాల ఆగేవి ఫ్రీవే మీది బండ్లే కదా. కలిసిన చోటు నుంచి కొంతదూరం తెగని తెల్లగీత గీస్తారు, దిగినవాడు ఉన్నపళాన కుడికి కోసుకుపోకుండా. ఆ ఎదురుగానే పెట్రోల్‌ బంకుకు గేటు ఇచ్చారో, ఇంత లెక్కా వృథా. రెండు మూడు లేన్లు ఒక్క ఊపులో దాటేస్తారు. మంచి ఇంజనీరు అక్కడ గేటుకు అనుమతి రానివ్వడు.

ఎడమ అంచు ఇంకా బాగుంటుంది. ర్యాంపు దిగేది ఎడమ పక్కనే, వంతెన కింది యూటర్న్‌ లేన్‌ ఉండేదీ ఎడమ పక్కనే. వెనక్కి తిరగాల్సినవాడు దాదాపు లేన్‌ మారకుండా, సిగ్నల్‌ కోసం ఆగకుండా అవతలి వైపుకు వెళ్లిపోతాడు.