బి ఉన్న చోట డి లేదు

ఇంగ్లిషు వాచకం అంటే ఎ, బి, సి, డి అని మొదలవ్వాలి కదా! అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ రూపొందించిన పాఠం అలా మొదలవదు. తొలి విడతలో పదే అక్షరాలు: ఎ, బి, ఎఫ్, హెచ్, ఐ, జె, కె, ఎం, పి, టి. సి ఎందుకు లేదంటే, అది ఒకచోట ‘క’ అని, మరోచోట ‘స’ అని పలుకుతుంది. డి ఎందుకు లేదంటే, అద్దంలో చూస్తే అది బి లాగే ఉంటుంది. తికమక పెట్టే జంటను విడదీసి, ఒకటి గట్టిగా పట్టుబడ్డాకే రెండోదాన్ని పిల్లల ముందుకు తెస్తారు.

తెలివితేటలకు లోటు లేకపోయినా చదువు మాత్రం పట్టుబడని పిల్లల గురించి అమెరికన్ వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ 1925లో రాశాడు. గిల్లింగ్‌హామ్ న్యూయార్క్‌లో ఆయనతో కలిసి పనిచేసిన మనస్తత్వవేత్త; స్టిల్‌మన్ ఉపాధ్యాయురాలు. 1930లలో ఇద్దరూ కలిసి టీచర్ల కోసం కరదీపిక రాశారు. ఇప్పుడు డిస్లెక్సియా అంటున్న ఈ ఇబ్బందికి మెదడులో ఆర్టన్ ఊహించిన కారణం తర్వాత నిలవలేదు. పాఠం మాత్రం నిలిచింది.

ఆ పాఠం నడిచే తీరు చూడండి. హల్లులకు తెల్ల కార్డు, అచ్చులకు రంగు కార్డు. టీచర్ కార్డు చూపిస్తే పిల్లవాడు శబ్దం పలకాలి. కార్డు చూపకుండా శబ్దం పలికితే అది ఏ అక్షరమో చెప్పాలి. ఆ అక్షరాన్ని దిద్దాలి, చూడకుండా రాయాలి. తర్వాత మాటలు. టీచర్ ‘హ్యాట్’ అంటుంది. పిల్లవాడు ఆ మాట తిరిగి అంటాడు, అక్షరాల పేర్లు చెబుతాడు, ఒక్కో అక్షరం పేరు పైకి అంటూ రాస్తాడు, రాసింది తనే చదువుకుంటాడు. తప్పు పోతే ఎక్కడ పోయిందో టీచర్‌కు అక్కడికక్కడే తెలుస్తుంది: శబ్దం వినడంలోనా, అక్షరం గుర్తుకు రావడంలోనా, చేతిలోనా?

నేర్పని అక్షరమున్న మాటను పిల్లవాడి చేత చదివించరు. బొమ్మ చూసి ఊహించమనరు. అంతవరకూ కథలు దూరం కాకుండా పెద్దవాళ్లే చదివి వినిపించాలి. చదవలేని పిల్లవాడికి రోజూ ఎదురయ్యే ఓటమిని నేర్పనిది చదివించకూడదన్న ఈ ఒక్క నియమం చాలావరకు తప్పిస్తుంది.

అక్షరాన్నీ శబ్దాన్నీ వరుసక్రమంలో జతపరచి నేర్పితే మేలని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. చేత్తో దిద్దించడం, పైకి పలికించడం వల్ల అదనంగా ఒరిగేదెంతో ఇంకా తేలలేదు. గిల్లింగ్‌హామ్ పేరు చెప్పి ఖరీదైన కోర్సులు అమ్మేవాళ్లను ఈ మాట అడగాలి.

మన తెలుగుకు ఆ కార్డులు యథాతథంగా పనికిరావు. ఆ ఆలోచన పనికొస్తుంది. ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, దాని పొట్టలో చుక్క పెడితే ‘థ’. వర్ణమాలలో మూడూ ఒకే వరసలో ఉన్నాయి, పలకడంలోనూ దగ్గరివే. తడబడే పిల్లలకు మూడూ ఒకే రోజు దిద్దించకండి టీచర్లూ! ముందు ‘ద’ స్థిరపడనివ్వండి. వర్ణమాల వరుస ఎక్కడికీ పోదు.