గిడుగువారి సవర నిఘంటు నిర్మాణము - ప్రణాళికా విమర్శ

సమాచార వ్యవస్థకు ప్రణాళిక వేయువారు దానిని వినియోగించుకొనువా రెవ్వరో ముందుగా నిర్ణయింపవలెను. కంప్యూటరుకు పూర్వమే, నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు తలపెట్టిన సవర పదసేకరణము అట్టి నిర్మాణమే. భాషను తాము నేర్చి, తెలుగు లిపిలో వాచకములు కూర్చి, పిదప 1931లో వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. మాట వినకమునుపే పట్టికలు గీయు నేటి నిపుణులకు ఈ క్రమము అనుసరణీయము.

లిపి విషయమున మాత్రము ముందుచూపు చాలలేదు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో చేరగా తెలుగు లిపికి అచట ప్రభుత్వాశ్రయము తప్పినది. ఆ యేటనే మంగేయ్ గొమాంగో సవరలకు ప్రత్యేక లిపిని కల్పించెను. వారి కోరిక వారి నడుగక తెలియునా? ఉచ్చారణను రోమను సంకేతములతో నమోదు చేసిన నిఘంటువును మాత్రము ఏ లిపిలోనికైనను మార్చుకొనవచ్చును. పంతులుగారి కృషిలో చెక్కుచెదరని భాగ మిదియే. 2012లో యూనికోడ్ సంకేతావళి కెక్కిన సవర లిపి గొమాంగో కల్పించినదే.