పైసా తేడా రాకూడదు, అక్షరం తెగకూడదు

వ్యాపార సంస్థ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ పదేళ్లు, ఇరవయ్యేళ్లు నడుస్తుంది. రాసినవాళ్లు ఉద్యోగాలు మారిపోతారు, కోడ్ మాత్రం అక్కడే ఉంటుంది. 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ కొన్ని బ్యాంకుల్లో ఇప్పటికీ ఖాతాలు నడుపుతోంది. కాబట్టి తొలి యాప్ ఎంత త్వరగా తయారవుతుందన్నది చిన్న ప్రశ్న. తర్వాత వచ్చేవాళ్లు ఆ కోడ్ చదివి దిద్దగలరా అన్నదే పెద్దది.

జావా నిలదొక్కుకున్నది ఇక్కడే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం తయారుచేసి 1995లో విడుదల చేసిన ఈ భాషలో రాసిన కోడ్ ముందు బైట్‌కోడ్ అనే మధ్యరూపంలోకి మారుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా అక్కడున్న జావా వర్చువల్ మెషీన్ (జేవీఎం) దాన్ని నడుపుతుంది. మైక్రోసాఫ్ట్ సీ షార్ప్‌దీ ఇంచుమించు ఇదే దారి. చాలాకాలం ప్రధానంగా విండోస్‌నే అంటిపెట్టుకున్న ఆ భాషకు 2016లో దాన్ని నడిపే డాట్‌నెట్ కోర్ వేదిక వచ్చాక లినక్స్ మీద కూడా చోటు దొరికింది.

అసలు పరీక్ష డబ్బు లెక్క దగ్గర మొదలవుతుంది. మామూలు ఫ్లోట్ సంఖ్యల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. లక్షల ఖాతాలకు వడ్డీ కట్టేటప్పుడు ఈ తోక పేరుకుంటే జమాఖర్చులకు పొంతన కుదరదు. జావాలో దీనికి బిగ్‌డెసిమల్, సీ షార్ప్‌లో డెసిమల్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో అలాంటి సొంత రకం లేదు. మొత్తాన్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచడమో, లైబ్రరీ తెచ్చుకోవడమో చేయాలి. లెక్కల భాగాన్ని సర్వర్‌లో, కుదురుకున్న భాషలో ఉంచడమే మేలు.

ఫోన్ తెర సంగతి వేరు, అది తరచూ మారుతుంది. ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ విడివిడిగా రాస్తే ప్రతి మార్పూ రెండుసార్లు చేయాలి. రెండింటికీ ఒకే కోడ్ రాసే సాధనాలూ ఉన్నాయి: 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్ ఫోన్ సొంత బటన్లనే వాడుకుంటుంది. డార్ట్ భాషలో రాసే ఫ్లట్టర్ తెరనంతా తానే గీస్తుంది. ఇప్పటికే జావా తెలిసినవాళ్లున్న సంస్థకు కోట్లిన్ భాష దగ్గరి చుట్టం. ఆండ్రాయిడ్‌లో జావా కోడ్‌ను నేరుగా పిలుస్తుంది, ఐఫోన్ వైపు మాత్రం జావా లైబ్రరీలు పనిచేయవు.

తెలుగులో వాడే యాప్‌కు ఇంకో పరీక్ష ఉంది. "లక్ష్మి" చదివేవారికి రెండక్షరాలు. జావా, సీ షార్ప్, డార్ట్, జావాస్క్రిప్ట్ నాలుగూ దాని పొడవు 7 అంటాయి, ఎందుకంటే పొల్లునూ గుడినీ కూడా విడిగా లెక్కిస్తాయి. ఫారంలో 5 దగ్గర కత్తిరిస్తే మిగిలేది "లక్ష్". యూనికోడ్ నియమాల ప్రకారం అక్షరాలను విడదీసే లైబ్రరీ ఎంచుకోబోయే భాషకు ఉందో లేదో, దాన్ని ఖరారు చేసేముందే నమూనా ఫారంలో ఇలాంటి పేర్లు నింపి చూసుకోవాలి.