పేరు ఎక్కడ జారిపోతుంది?

పొద్దున్నే ఫోన్‌లోకి వచ్చే కవితలూ కథలూ చివరిదాకా చదివితే, రాసినవారి పేరు ఉండాల్సిన చోట ‘సేకరణ’ అని ఉంటుంది. లేదంటే ‘ఎవరు రాశారో గానీ ఎంత బాగా రాశారో’ అని ఉంటుంది. ఆ మెచ్చుకోలు చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. పదిమందికి పంపేంతగా నచ్చినప్పుడు, రాసినదెవరో కనుక్కోవడానికి ఐదు నిమిషాలు వెచ్చించవచ్చు కదా.

పేరు పోవడమంటే ఏమిటో తెలియాలంటే ఫోన్లు రాకముందు సంగతి ఒకటి చెప్పాలి. బడికి వెళ్లిన ప్రతివారికీ నోటికి వచ్చే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆయనది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. అప్పట్లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండేవారు. రాసిన ప్రతిజ్ఞ నాటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. అది బడుల్లోకి వెళ్లింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటి పిల్లల నోళ్లలోకీ వెళ్లింది. ఏటా లక్షల పాఠ్యపుస్తకాల్లో అచ్చయింది. రాసినాయన పేరు మాత్రం దశాబ్దాలపాటు అచ్చు కాలేదు. 1988లో ఆయన కన్నుమూశారు. ఇప్పటి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ కింద ఆయన పేరు కనిపిస్తోంది.

ఈ ఉదంతంలో దొంగ ఎవరూ లేరు. ప్రతిజ్ఞ నేనే రాశానని ఎవరూ చెప్పుకోలేదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతున్నప్పుడు ఎక్కడో ఒకచోట పేరు రాయడం మానేశారు. ఆ తర్వాతివాళ్లకు రాద్దామన్నా పేరు దొరకలేదు. ఇవాళ వాట్సాప్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే అప్పుడు ఏళ్లు పట్టినది ఇప్పుడు ఒక్క పూటలో అయిపోతోంది. అందుకే పేరు నిలబెట్టే బాధ్యత మొదట పంచినవారి మీదే ఎక్కువని నేననుకుంటాను.

వీడియోల దగ్గరికొస్తే ఇంకో చిక్కుంది. ‘బండెనక బండి గట్టి’ అనగానే మన చెవుల్లో గద్దర్ గొంతే మోగుతుంది. ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన తీరు అలాంటిది. ఆ పాట కట్టినవారు తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. వీడియో ముక్క ఎన్ని చేతులు మారినా గద్దర్ ముఖం అందులోనే ఉంటుంది. యాదగిరి పేరు మాత్రం ఎవరో ఒకరు పూనుకుని రాస్తేనే ఉంటుంది. పాట కట్టినవారు, బాణీ ఇచ్చినవారు, ఫొటో తీసినవారు తెరమీద కనిపించరు. కాబట్టి ముందుగా జారిపోయేది వాళ్ల పేర్లే, వెతికి మరీ రాయాల్సిందీ వాళ్ల పేర్లే.

మన వాగ్గేయకారుల పాటల్లో పేరు పాటలోనే ఉంటుంది. త్యాగయ్య చరణం చివర తన పేరే పెట్టుకున్నాడు, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు వస్తాడు. అది భక్తితో పెట్టిన ముద్రే కావచ్చు. అయినా కాగితం లేకుండా నోటి నుంచి నోటికి నడిచిన పాటల్ని ఎవరివో గుర్తుపట్టడానికి మనకు అక్కరకొచ్చింది. ఇవాళ ఫొటో తీసినవాళ్లు బొమ్మ మూలన పేరు వేసుకునేదీ అందుకే. ఆ మూలను కత్తిరించి పంచేవాళ్లున్నారు. దాన్ని మరపు అని నేను అనలేను. ఆ పేరు కళ్లారా చూసి, వేలితో తీసేసినట్టే కదా.

మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుందని అది చెబుతుంది. చట్టం మాట అలా ఉంచినా, వికీమీడియా కామన్స్ అనే ఫొటోల సైటులో ఎంతోమంది మన గుళ్లు, కోటలు, చెరువుల ఫొటోలు పెట్టారు. వాటిలో చాలా వాటిని డబ్బు కట్టకుండా, వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు. తీసినవారి పేరూ లైసెన్సు పేరూ వేయమన్నది వాళ్లు పెట్టిన ముఖ్యమైన షరతు. అయినా వాడుకున్నవాళ్లు కొందరు ‘ఫొటో: ఇంటర్నెట్’ అని వేసేస్తారు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. రచన మధ్యలోంచి ఒక వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతాను. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఉన్నదాన్ని చూస్తాను. ఫొటో అయితే బొమ్మతోనే వెతికే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. లింకు ఉంటే లింకే పంపుతాను, స్క్రీన్‌షాట్ పంపను. పేరు మొదటి వరుసలో పెడతాను, ఎందుకంటే కాపీ చేసేటప్పుడు తెగిపోయేది ఎక్కువగా చివరి వరుసే. పేరు దొరక్కపోతే ఆ మాటే రాసి, తెలిసినవారు చెప్పమని అడుగుతాను. శ్రీశ్రీ పేరో, అబ్దుల్ కలాం పేరో తగిలించిన మాటల్ని, అవి ఏ పుస్తకంలోవో తేలేదాకా ముందుకు పంపను. పేరు లేకపోతే ఎవరైనా వెతుకుతారు, తప్పుడు పేరుంటే వెతకడమే మానేస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఊళ్లలో తీస్తున్న పాటల వీడియోలు. నాట్లు వేస్తూనో, బతుకమ్మ ఆడుతూనో ఒక పెద్దామె పాడుతుంది. ఎవరో రికార్డు చేస్తారు. పైన ఛానెల్ పేరు పెద్ద అక్షరాల్లో, కింద ‘అద్భుతమైన పల్లె పాట’ అని ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఆమెకు ఫోనుందో లేదో, తన పాట ఎంతమంది విన్నారో ఆమెకు తెలుసో లేదో. పాడించుకున్న పిల్లలు అక్కడే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. “అమ్మా, నీ పేరేంది? పేరు, ఊరు పెడితే నీకు సమ్మతమేనా? ఈ పాట నీకెవరు నేర్పిన్రు?” ఆమె వాళ్లమ్మ పేరు చెప్పవచ్చు, పక్కింటి వదిన పేరు చెప్పవచ్చు, ఆ వరుస తానే కట్టానని కూడా చెప్పవచ్చు. ఆ జవాబును వీడియోలోనే, పాటకు ముందు ఉంచాలి. కింద రాస్తే రెండో ఫోన్‌కి చేరేలోపే పోతుంది.