జాతీయ సాహిత్యం ఎవరిది?

తెలుగులో రేస్‌కీ నేషన్‌కీ మనం ఒకటే మాట వాడుతున్నాం: జాతి. ఇంగ్లీషులో మాటలు రెండు. ఐనా ఇంగ్లండులో ఆ రెండూ ఒకటిగానే పనిచేస్తున్నాయని పాల్ గిల్‌రాయ్ చూపించాడు. ఇంగ్లీషు తండ్రికీ, గయానా నుంచి వచ్చిన రచయిత్రి బెరిల్ గిల్‌రాయ్‌కీ 1956లో లండన్‌లో పుట్టినవాడాయన.

1968లో వలస వచ్చినవాళ్ల మీద విషం కక్కిన ఈనక్ పావెల్‌ని విమర్శించడం తేలికే. 1987లో వచ్చిన 'దేర్ ఎయింట్ నో బ్లాక్ ఇన్ ది యూనియన్ జాక్'లో గిల్‌రాయ్ అక్కడితో ఆగలేదు. వామపక్ష విమర్శకుడు రేమండ్ విలియమ్స్‌నీ నిలదీశాడు. తరతరాలుగా ఒకచోట పాతుకుని బతకడమే అసలైన అస్తిత్వమంటే, నిన్న ఓడ దిగినవాళ్ల గతేమిటి? వాళ్ల పౌరసత్వం వట్టి కాగితమేనా? అభ్యుదయం మాట్లాడేవాళ్ల 'ప్రజలు' అనే మాటలో కూడా రంగు దాక్కుని ఉందని తేల్చాడు.

1993 నాటి 'ది బ్లాక్ అట్లాంటిక్'లో దేశాలవారీగా గిరిగీసి సాహిత్యాన్ని చదవడాన్నే ప్రశ్నించాడు. వేళ్లకు బదులు ఓడను ముందుకు తెచ్చాడు. బానిసల్ని మోసిన సముద్రమే తర్వాత పుస్తకాల్నీ పాటల్నీ తిరుగుబాటు ఆలోచనల్నీ మోసింది. డుబాయిస్ 1903లో చెప్పిన ద్వంద్వ చైతన్యాన్ని అమెరికా పొలిమేర దాటించాడు. పారిస్ వెళ్లాక రిచర్డ్ రైట్ రాసినవి వేళ్లు తెగిన రాతలన్న విమర్శను ఒప్పుకోలేదు.

ఇంతవరకూ ఆయనతో మేమున్నాం. ఐతే ఒక పేచీ ఉంది. ఈ పుస్తకంలో ఆఫ్రికా ఎక్కువగా గతంగా, జ్ఞాపకంగానే కనిపిస్తుంది. ఇవాళ రచయితలు బతికి రాస్తున్న నేలగా కనిపించదు. ఇక ఆయన తల్లి దేశాన్నే చూడండి. 1838లో విట్బీ, హెస్పెరస్ అనే ఓడలు కలకత్తా నుంచి కూలీల్ని గయానా చెరుకు తోటలకు చేర్చాయి. తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. కూలీల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. నిన్నటిదాకా బానిసలుగా ఉన్న నల్లవాళ్ల పక్కనే వాళ్ల చెమటా ఇంకింది. ఈ కూలీ ఓడలకు గిల్‌రాయ్ అట్లాంటిక్‌లో పెద్దగా చోటు దొరకలేదు.

ఆ తెలుగువాళ్లు ఏ జాతీయ సాహిత్యంలోకి వస్తారు? గయానాదా, మనదా? ఇలా అడగడానికి గిల్‌రాయే దారి చూపాడు. జవాబు మాత్రం ఆయన పుస్తకంలో వెతికితే దొరకదు. మనమే రాసుకోవాలి.