ఒక్క ఓటును మోసిన వాక్యం

1839 నవంబర్ 11న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గవర్నర్ ఎన్నిక జరిగింది. మన దగ్గర గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ ప్రజలే ఎన్నుకుంటారు. అధికారంలో అది మన ముఖ్యమంత్రి పదవికి దగ్గర. లెక్కకు వచ్చిన ఓట్లు 1,02,066. డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి మార్కస్ మోర్టన్‌కు 51,034, అప్పటికి గవర్నర్‌గా ఉన్న విగ్ పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ ఎవరెట్‌కు 50,725 పడ్డాయి. మిగిలిన 307 ఓట్లు వేరే పేర్ల మీద చెదిరిపోయాయి.

మోర్టన్‌కు ఎవరెట్ కంటే 309 ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయినా ఆ ఎన్నికలో అసలు తేడా 309 కాదు, ఒకటి. అక్కడి రాజ్యాంగం ప్రకారం ప్రత్యర్థి కంటే ఎక్కువ తెచ్చుకుంటే చాలదు, వచ్చిన ఓట్లన్నిటిలో సగం దాటాలి. సగం 51,033. మోర్టన్‌కు ఓటేసిన వాళ్లలో ఏ ఒక్కరు ఇంకో పేరు రాసి ఉన్నా ఆయన సరిగ్గా సగం దగ్గర ఆగిపోయేవాడు, ఎన్నిక శాసనసభ చేతికి వెళ్లేది.

ఈ కథను సాధారణంగా ఒక వింతగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ఒక్క ఓటు నిలబడిన తీరు అబ్బురంగా ఉంటుంది. ఎదుటి పార్టీ చేతిలో ఉన్న శాసనసభే దాన్ని పరిశీలించి, ఒప్పుకుని, మోర్టన్ గెలిచాడని ప్రకటించింది. అలా నిలబడడం వెనుక అరవై ఏళ్ల ముందు రాసిన ఒక వాక్యం ఉంది. దాని పనితనాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1779లో, స్వాతంత్ర్య యుద్ధం ఇంకా సాగుతుండగానే, మసాచుసెట్స్ ప్రతినిధులు కేంబ్రిడ్జ్‌లో రాజ్యాంగ సభగా కూడారు. చిత్తుప్రతి తయారుచేసే బాధ్యత ఒక సంఘానికి, అందులోంచి ముగ్గురికి, చివరికి జాన్ ఆడమ్స్ ఒక్కడికే చేరింది. ఆయన రాశాడు, సభ దిద్దింది, 1780లో అమలులోకి వచ్చింది. ఎన్నో సవరణలతో అది ఇవాళ్టికీ ఆ రాష్ట్ర రాజ్యాంగం. అందులో రెండో అధ్యాయం, మొదటి విభాగం, మూడో అధికరణం గవర్నర్ ఎన్నిక గురించి చెబుతుంది. ఊపిరి తిప్పుకోనివ్వని పొడవైన వాక్యం. తొలిసారి చదివితే విసుగు పుట్టవచ్చు. నెమ్మదిగా చదివితే, మంచి వడ్రంగి మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగబెట్టినట్టు, ఒక్కో మాట పక్క మాటను ఎలా పట్టుకుని ఉందో తెలుస్తుంది.

ఓట్లు ఊరి సభలో వేయాలి. ఊరి పెద్దలుగా ఎన్నికైన సెలెక్ట్‌మెన్ అధ్యక్షత వహించాలి. ఊరి దస్త్రాలు రాసే గుమాస్తా ఆ పెద్దల సాయంతో, వాళ్ల ఎదుటే, బహిరంగ సభలోనే చీటీలు వేరుచేసి లెక్కపెట్టాలి. ఎవరెవరికి ఓట్లు పడ్డాయో జాబితా రాసి, ఒక్కో పేరుకు ఎదురుగా సంఖ్య వేయాలి. దాన్ని ఊరి పుస్తకంలోకి శుభ్రంగా ఎక్కించాలి, సభలో అందరూ వినేలా ప్రకటించాలి. ఆ తర్వాత జనం చూస్తుండగానే జాబితా నకళ్లకు సీలు వేయాలి. వాటి మీద గుమాస్తా, పెద్దలు సంతకాలు చేయాలి.

ఈ వరుసను గమనించండి. కవరు మూతపడే వేళకు ఆ సంఖ్య ఊరి జనం చెవుల్లో పడింది, ఊరి పుస్తకంలో ఎక్కింది. రాజధానికి ప్రయాణమయ్యేది నకలు మాత్రమే. అది దారిలో పోయినా, ఎవరైనా దిద్దినా అసలు ఇంటి దగ్గరే ఉంది; పుస్తకం తెరిచి చూపించవచ్చు. దగా చేయదలచినవాడు కాగితాన్ని ఏమార్చగలడు గాని, ఊరు ఊరంతా విన్న అంకెను మార్చలేడు. ఎవరూ ఎవరినీ గుడ్డిగా నమ్మాల్సిన అవసరం లేకుండా కట్టిన ఏర్పాటు ఇది. నా దృష్టిలో ఈ అధికరణానికి ప్రాణం అక్కడే ఉంది.

ప్రయాణం విషయంలోనూ అంతే జాగ్రత్త. నకలును జిల్లా షెరీఫ్‌కు పంపవచ్చు, ఆయన రాష్ట్ర కార్యదర్శికి చేరవేస్తాడు. లేదా ఊరి పెద్దలే నేరుగా కార్యదర్శి కార్యాలయానికి అందేలా చూడవచ్చు. ఒక అధికారి పొరపాటు ఒక జిల్లా గొంతు నొక్కకుండా రెండో దారి తెరిచి ఉంచారు.

ఆ రెండో దారి విలువ తెలియాలంటే 1792లో న్యూయార్క్‌లో జరిగింది చూడాలి. అక్కడ జార్జ్ క్లింటన్, జాన్ జే గవర్నర్ పదవికి తలపడ్డారు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రయాణం చేసేవి అంకెలు కావు, ఓట్లే. చీటీలున్న పెట్టెలు షెరీఫ్‌ల ద్వారా కార్యదర్శికి చేరితే, శాసనసభ నియమించిన సంఘం వాటిని తెరిచి లెక్కిస్తుంది. ఒట్సెగో జిల్లా పెట్టె తెచ్చిన షెరీఫ్ పదవీకాలం అప్పటికే ముగిసిందన్నారు. టియోగా పెట్టె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిందన్నారు. క్లింటన్ జిల్లా పెట్టె తెచ్చినవాడికి రాతపూర్వకమైన అధికారం లేదన్నారు. సంఘంలో ఎక్కువమంది క్లింటన్ వైపువాళ్లు. మూడు జిల్లాల ఓట్లనూ తోసిపుచ్చారు. మిగతా లెక్కలో క్లింటన్‌కు 8,440, జేకు 8,332 వచ్చాయి. జేకు గట్టి పట్టున్న ఒట్సెగో ఓట్లు కలిపి ఉంటే ఫలితం తారుమారయ్యేదని ఆనాడే గగ్గోలు పుట్టింది. సరిచూద్దామంటే ఊళ్లలో లెక్క లేదు, చీటీలను తగలబెట్టేశారు. రాజీపడి ఊరుకోవడం తప్ప దారి లేకపోయింది. జే తన వాళ్లను శాంతపరిచాడు, ఆ పెద్దరికానికి దండం పెట్టాలి. కాని 108 ఓట్ల తేడానే మోయలేక విరిగిపోయిన ఏర్పాటు అది. మసాచుసెట్స్ ఏర్పాటు ఒక్క ఓటును మోసింది.

ఇక మసాచుసెట్స్ అధికరణంలో చివరి భాగం. ఎవరికీ సగానికి మించి రాకపోతే, ఎక్కువ ఓట్లు వచ్చిన నలుగురిలోంచి ప్రతినిధుల సభ ఇద్దరిని ఎన్నుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరిని సెనేట్ ఎన్నుకోవాలి. పేర్లు ఇచ్చే సభకు తుది నిర్ణయం లేదు, నిర్ణయించే సభకు కొత్త పేరు తెచ్చే హక్కు లేదు. 1785లో ఇలాగే జేమ్స్ బౌడిన్ గవర్నర్ అయ్యాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, పెద్దవే. 1780లో ఓటు ఇరవై ఒక్క ఏళ్లు నిండిన, నిర్ణీత ఆస్తి ఉన్న మగవాళ్లకే. స్త్రీల మాటే లేదు. అంత చక్కగా లెక్కపెట్టిన ఊరి సభలో సగం ఊరికి నోరు లేదు. పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి దాచడం అన్యాయం.

1839 పోటీ అంత బిగువుగా సాగడానికి ఒక చట్టం కారణం. పదిహేను గ్యాలన్లకు తక్కువగా సారా అమ్మకూడదని 1838లో శాసనం చేశారు. డబ్బున్నవాడు పీపాలకు పీపాలు కొనుక్కోవచ్చు, కూలివాడు గ్లాసెడు తాగడానికి వీల్లేదు. ఆ కోపం విగ్ పార్టీ మీద విరుచుకుపడింది. 1828 నుంచి ఏటేటా పోటీ చేసి ఓడిపోతూ వచ్చిన న్యాయమూర్తి మోర్టన్‌కు అది కలిసివచ్చింది.

ఫలితాన్ని సవాలు చేయమని ఎవరెట్ మీద సొంతవాళ్లు ఒత్తిడి తెచ్చారు. శాసనసభలో ఆయన పార్టీదే పైచేయి. ఏదో ఒక ఊరి లెక్కలో లోపం పట్టి రెండు ఓట్లు తీసేస్తే సరిపోయేది. ఆయన ఒప్పుకోలేదు. చరిత్రకారులు ఆయన సంస్కారాన్ని పొగుడుతారు, పొగడాల్సిందే. అయితే ఆ సంస్కారం నిలబడడానికి కింద గట్టి నేల ఉండిందని నేనంటాను. దాదాపు మూడు వందల ఊళ్ల పుస్తకాల్లో, జనం విని వెళ్లిన అంకెలు అప్పటికే ఎక్కి ఉన్నాయి.

1840 జనవరిలో మోర్టన్ పదవి చేపట్టాడు. ఆ ఏడాదే పదిహేను గ్యాలన్ల చట్టం రద్దయింది. సగం దాటాలన్న నిబంధనను 1855లో సవరణతో తీసేశారు. అప్పటి నుంచి అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే చాలు. ఎన్నికల లెక్కింపు గురించి ఆలోచించే ప్రతివారూ ఆ మూడో అధికరణాన్ని ఒకసారి నిదానంగా చదవాలని కోరుకుంటున్నాను.