అవసరాల పిరమిడ్‌కు శాస్త్ర పరీక్ష

మనోవిజ్ఞాన శాస్త్ర ప్రవేశ గ్రంథాలు సాధారణంగా మొదటి అధ్యాయంలో పరిశోధనా పద్ధతిని బోధిస్తాయి. పరికల్పన చేయాలి, దాన్ని పరీక్షకు నిలబెట్టాలి, నిలవకపోతే వదిలివేయాలి. కొన్ని అధ్యాయాలు గడిచాక మానవావసరాల ప్రసక్తి వస్తుంది. అక్కడ మాస్లో పేరుతో ఒక పిరమిడ్ అచ్చువేసి ఉంటుంది: అడుగున ఆకలిదప్పులు, ఆపైన వరుసగా భద్రత, ప్రేమ, గౌరవం, శిఖరాన ఆత్మసాఫల్యం. కింది అవసరం తీరనిదే పైదానిపై మనసు పోదని విద్యార్థి వల్లె వేస్తాడు. మొదటి అధ్యాయంలోని పరీక్షను ఈ బొమ్మకు పెట్టి చూడమని మాత్రం అతనికెవరూ చెప్పరు.

అబ్రహాం మాస్లో 1943లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు ఇంత బిగువుగా చెప్పలేదు. ఈ క్రమం తారుమారు కావచ్చుననీ, ఆదర్శం కోసం సర్వస్వం వదులుకునేవారు ఉన్నారనీ ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నాడు. పిరమిడ్ కూడా ఆయన గీసింది కాదు. తర్వాతి కాలంలో వ్యాపార నిర్వహణ నిపుణుల చేతుల్లో రూపొందింది. అసలు బలహీనత శిఖరం దగ్గర ఉన్నది. లింకన్, జెఫర్సన్, ఐన్‌స్టీన్ వంటివారిని తానే ఎంచుకొని, వారిలో తనకు కనిపించిన గుణాలను పరిపూర్ణ మానవుని లక్షణాలుగా మాస్లో వివరించాడు. ఎంపికలోనే తీర్పు ఇమిడి ఉన్నది. (జెఫర్సన్ బానిసల యజమాని అన్న సంగతి ఆ ఎంపికకు అడ్డురాలేదు.)

ఆకలి విషయంలో మాత్రం గట్టి ఆధారమే ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం నడిపాడు. అంతరాత్మ ఒప్పుకోక యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది యువకులు దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో గడిపారు. వారి బరువు దాదాపు నాలుగోవంతు తగ్గింది. చదువుమీద, స్నేహాలమీద ఆసక్తి సన్నగిల్లింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకొని కూర్చునేవారు. ఇంతవరకు మాస్లో మాట నిజమే. అయితే వారు ఆ ఆకలిని కోరి నెత్తికెత్తుకున్నది ఎందుకు? యుద్ధంవల్ల కృశించిన అపరిచితులకు ఎలా తిండిపెట్టి కోలుకునేటట్లు చేయాలో తేలడం కోసం. కొందరు మధ్యలో తడబడినా అత్యధికులు చివరిదాకా నిలిచారు. ఆకలి వారి ఆలోచనలను ఆక్రమించగలిగింది గాని, సంకల్పాన్ని సడలించలేకపోయింది.

ఈ సందర్భంలో రమజాన్ ఉపవాసాన్ని ఉదాహరణగా చూపడం కొందరు వక్తలకు పరిపాటి. ఆ ఉదాహరణ ఇక్కడ అంతగా నిలవదు. సూర్యాస్తమయానికి ఇఫ్తార్ సిద్ధంగా ఉంటుందని తెలిసినవాని ఆకలి వేరు, రేపటి రొట్టె ఎక్కడిదో తెలియనివాని ఆకలి వేరు.

123 దేశాల ప్రజల సమాచారాన్ని పరిశీలించి టే, డీనర్ 2011లో ప్రకటించిన ఫలితాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. ఈ అవసరాలు అన్ని దేశాల్లోనూ కనిపించాయి. కాని కింది అవసరాలు పూర్తిగా తీరకపోయినా స్నేహం, గౌరవం మనిషికి సంతోషాన్నిస్తూనే ఉన్నాయి. జకాత్ బియ్యం కోసం వచ్చినవారిని గంటల తరబడి ఎండలో నిలబెట్టి, ఫొటో తీయించుకొని పంపే దాత, ముందు కడుపు, తర్వాతే మర్యాద అని సమర్థించుకోవాలంటే ఆ పిరమిడ్ అతనికి ఇక ఆధారం కాజాలదు.